ఆకుకు చిల్లు పడిందా, మంచిదే

తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలంలో నేలపట్టు అని ఒక ఊరు. ఆ ఊరి చెరువులో నీటి కడప చెట్లు నెలల తరబడి నీళ్లలోనే నిలబడి ఉంటాయి. ఈశాన్య రుతుపవనాలు రాగానే గూడబాతులు వచ్చి ఆ చెట్ల మీద గూళ్లు కడతాయి. కింద నీళ్లుంటే నక్కలు, పిల్లులు దగ్గరికి రాలేవు. పిల్లలకు పెట్టడానికి చేపలు కావాలంటే పక్కనే పులికాట్ సరస్సు ఉంది. ఈ చోటును 1976లో పక్షుల రక్షిత కేంద్రంగా ప్రకటించారు. అంతకుముందు నుంచే ఊరివాళ్లు ఆ పక్షుల్ని అదిలించేవాళ్లు కారు. రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని వాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

గూడబాతును ఎవరూ బొట్టు పెట్టి పిలవలేదు. చెట్టు ఉంది, వచ్చింది. పెరట్లోకి పిట్టలూ సీతాకోకచిలుకలూ రావాలని కోరుకునేవాళ్లు ముందు పట్టుకోవలసిన సంగతి ఇదే. గింజలు చల్లితే పావురాలు వస్తాయి, అన్నం పెడితే కాకులు వస్తాయి. తక్కిన ప్రాణులు రావాలంటే వాటికి తెలిసిన చెట్టు ఉండాలి.

నర్సరీకి వెళ్లి మనం ఏం అడుగుతాం? పువ్వు ఏ రంగు, ఎన్నాళ్లకు పూస్తుంది, ఆకు రాలుతుందా, పురుగు పడుతుందా. చివరి రెండు ప్రశ్నలకు 'లేదండీ' అన్న జవాబు వస్తే సంతోషంగా డబ్బులిచ్చి తెచ్చుకుంటాం. ఏ పురుగూ ముట్టని చెట్టంటే ఎవరికీ అన్నం పెట్టని చెట్టు. దాని కింద నీడ ఉంటుంది కానీ దాని మీద సంసారం ఉండదు. ఈ అధ్యాయంలో మొక్కల పేర్లు చాలా వస్తాయి. వాటికంటే కష్టమైనది మాత్రం మీ ప్రశ్నల వరుసను తిరగేసుకోవడం. 'దీన్ని ఎవరు తింటారు?' అన్నది మొదటి ప్రశ్న కావాలి.

ఎందుకంటారా? పండ్లు తినే పిట్ట, గింజలు తినే పిట్ట కూడా పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగుల్నే. పిచ్చుక అంతే, పికిలిపిట్ట అంతే. అమెరికాలో డెలావేర్ విశ్వవిద్యాలయం ఆచార్యుడు డగ్లస్ టాలమీ పెరటి మొక్కల మీద ఏళ్ల తరబడి పనిచేశాడు. చికడీ అనే పిడికెడు పిట్ట ఒక్క ఈతలోని పిల్లల్ని గూడు దాటించాలంటే ఆరు వేల నుంచి తొమ్మిది వేల గొంగళిపురుగులు కావాలని ఆయన లెక్క చెప్పాడు. మన పికిలిపిట్టకు అచ్చం అంతే లెక్క వర్తిస్తుందని నేను అనను. అయినా గూటికీ గొంగళిపురుగుకూ ఉన్న ముడి ఎంత గట్టిదో ఆ అంకె చెబుతుంది. ఆ పురుగుల్లో చాలావాటికి నోరు ఒకటి రెండు రకాల ఆకులకే అలవాటు. వేల ఏళ్లుగా ఆ ఆకు రసానికి తట్టుకుంటూ వచ్చాయి. నిన్న మొన్న వేరే ఖండం నుంచి వచ్చిన చెట్టు ఆకును అవి ముట్టవు.

మీ ఇంట్లో ఈపాటికే కరివేపాకు చెట్టు ఉంటుంది కాబట్టి పరీక్ష దాంతోనే మొదలుపెట్టవచ్చు. లేత ఆకు మీద పిట్ట రెట్ట పడినట్టు నల్లగా, తెల్లగా ఏదో అంటుకుని కనిపిస్తుంది. అది రెట్ట కాదు, గొంగళిపురుగు. పిట్టలు చూసి అసహ్యించుకుని వదిలేయాలని ఆ వేషం వేసింది. కొన్నాళ్లకు ఆకుపచ్చగా మారుతుంది. పుల్లతో తాకితే తల వెనక నుంచి కొమ్ముల్లాంటివి బయటికి తీసి ఘాటు వాసన కొడుతుంది. అప్పటికి చెట్టు సగం బోడి అయి ఉంటుంది, ఇంట్లోవాళ్లు వేపనూనె సీసా బయటికి తీసి ఉంటారు. ఆగమనండి. నెల తిరిగేలోపు అదే నల్లటి రెక్కల పెద్ద సీతాకోకచిలుకై గోడ దాటి వెళుతుంది. కరివేప చెట్టు మళ్లీ చిగురిస్తుంది, దానికి ఇది కొత్త కాదు. సాంబారుకు ఇబ్బంది అనుకుంటే రెండు చెట్లు పెట్టుకుని, వంటింటి వాటాకు దోమతెర కప్పండి. రెండోది వాటిది.

చిల్లు పడిన ఆకును చూసి ముఖం చిట్లించకుండా ఉండగలిగితే ఈ విద్యలో సగం వచ్చినట్టే. మిగతా సగం నేలను చూడటం.

తిరుపతి అనగానే కొండ గుర్తొస్తుంది కానీ సముద్రం గుర్తు రాదు. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ వైపు నేల ఈ జిల్లాలో కలిసింది. దాంతో ఎర్రచందనం పెరిగే రాతికొండా, పులికాట్ ఉప్పునీళ్లూ ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. పడమర చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు మెరక నేల. కొండకూ, తీరానికీ, మెరకకూ ఒకే మొక్కల పట్టిక ఇచ్చేవాళ్ల మాట నమ్మకండి. మీ ఇంటి నుంచి నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఎవరూ నీళ్లు పోయకుండా, ఎవరూ నాటకుండా కంచెల్లో, గట్ల మీద ఏం పెరుగుతోందో చూడండి. మీ నేల తన పట్టిక తానే రాసి పెట్టి ఉంటుంది.

ముందుగా సముద్రం వైపు ఇళ్ల సంగతి చెబుతాను, కష్టమంతా అక్కడే కాబట్టి. ఇసుక నేల, పోసిన నీళ్లు నిలవవు. గాలిలో ఉప్పు, లేత చిగురు మాడిపోతుంది. బోరు నీళ్లు కొన్నిచోట్ల నోట్లో పెట్టుకోలేం. ఇక్కడ గులాబీలు పెంచుతామని ఏడాదికో టిప్పరు ఎర్రమట్టి తోలించేవాళ్లున్నారు. పక్కనే శ్రీహరికోట దీవిలో ఒక్క టిప్పరు మట్టి తోలకుండానే అడవి ఉంది. పులికాట్‌కూ బంగాళాఖాతానికీ నడుమ ఆ ఇసుక మీదే పాల చెట్లు, అల్లి, నేరేడు, ముష్టి, పేము తీగలు ఏడాది పొడవునా పచ్చగా ఉంటాయి. ఆ అడవిలో ఏది తినేదో ఏది మందో యానాదులకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రాకెట్ కేంద్రం వచ్చాక వాళ్లలో చాలామంది దీవి వదలాల్సి వచ్చింది. 1971 అక్టోబరు 9న అక్కడి నుంచి తొలి రోహిణి రాకెట్ ఎగిరింది. కంచె లోపల జనం రాకపోకలు తగ్గడంతో అడవి చాలావరకు నిలబడింది. మీ పెరడు ఎలా ఉండగలదో చూపించే నమూనా అదే.

సముద్రపు గాలి కొట్టే వైపు మొదటి వరుస గట్టిది కావాలి. గంగరావికి మించినది లేదు. లావుపాటి కొమ్మ నరికి పాతినా పట్టుకుంటుంది. ఉప్పుకు జంకదు. పొద్దున పసుపుగా విచ్చిన పువ్వు సాయంత్రానికి ఎర్రబారుతుంది. తేనెపిట్టలు పువ్వులకు, ఎర్రటి నల్లులు రాలిన గింజలకు వస్తాయి. ఆ నల్లుల్ని చూసి మందు కొట్టకండి, ఇంట్లోకి రావు. దాని పక్కన పిసంగి. నర్సరీలో దీన్ని కంచె మొక్కగా కట్టలు కట్టి అమ్ముతారు, ఖరీదు కూడా తక్కువ. చాలామంది బల్లపరుపుగా కత్తిరించి గోడలా పెంచుతారు. కత్తెర పక్కన పెట్టి కొన్నాళ్లు వదిలేస్తే తెల్లటి పూలు పూస్తుంది, రాత్రి మాత్‌లు, పగలు తేనెటీగలు తిరుగుతాయి. చోటు ఎక్కువుంటే ఒక మూల మొగలి. ఉప్పు మరీ ఎక్కువైతే మిస్వాక్ పుల్లల చెట్టు. చిన్న పండ్లు కాస్తుంది, పిట్టలు వదలవు.

రెండో వరుస గాలి తగ్గిన చోట. కానుగ, పొన్న, వేప, నేరేడు. పొన్న నెమ్మదిగా పెరుగుతుంది, తొందర ఉన్నవాళ్లు దాని జోలికి పోవద్దు. గబ్బిలాలు దాని కాయల కోసం వస్తాయి. కానుగను మా చిత్తూరు వైపు కానగ అంటాం. కొత్త చిగురు వచ్చిన పది రోజులకే ఆకుల మీద మచ్చలు, బుడిపెలు, చిల్లులు. రోడ్డు పక్కన కానుగను చూసి 'జబ్బు చేసిన చెట్టు' అనుకుంటారు జనం. జబ్బు కాదు, బంతి కూర్చుంది. అన్నిరకాల పురుగులకు చోటిచ్చి కూడా ఏపుగా పెరిగే చెట్టు ఇంకోటి చూపించమంటే నాకు కష్టమే. పైగా గాలిలోని నత్రజనిని వేళ్ల బుడిపెల్లో పట్టి నేలకు ఇస్తుంది, ఇసుకకు కావలసింది అదే.

ఇక పాల చెట్టు. వేసవిలో తిరుపతి వీధుల్లో చిన్న పసుపు పండ్లు గ్లాసుతో కొలిచి అమ్ముతారే, ఆ చెట్టు. శ్రీహరికోట అడవికి ఇది పెద్ద దిక్కు. పికిలిపిట్టలు, కోయిలలు, గోరింకలు, రాత్రి గబ్బిలాలు అన్నీ దీని మీదే. చాలామందికి తెలియని సంగతి ఏమిటంటే ఇది ఈపాటికే మీ పెరట్లో ఉండవచ్చు. సపోటా అంట్లు కట్టేటప్పుడు కింది మొక్కగా పాలనే వాడతారు. పైన ఉన్నది మెక్సికో వైపు నుంచి వచ్చిన సపోటా, వేళ్లు మాత్రం మన పాలవి. కరువుకు సపోటా తట్టుకుంటోందంటే ఆ వేళ్ల చలవే. అంటు కింది నుంచి చిన్న ఆకుల కొమ్మ మొలిస్తే పనికిరానిదని కోసేస్తాం. సపోటా ఎండిపోయిన చోట ఆ పిలకను బతకనివ్వండి, పాల చెట్టు ఊరికే వచ్చినట్టే. ఎదుగుదల మాత్రం నత్తనడకే, మనవళ్ల కాలానికి నాటుతున్నానని అనుకోండి.

తాడిచెట్టు ఉంటే కొట్టకండి, అంతే. కొత్తగా నాటితే గెల వేయడానికి పది పదిహేనేళ్లకు పైగానే పడుతుంది. ఉన్న చెట్టుకు మాత్రం గిజిగాడి గూళ్లు వేలాడతాయి, ఎండుమట్టల మధ్య చిన్న పిట్టలు కాపురం పెడతాయి. ఎండుమట్టలు అందంగా లేవని కోయించేస్తే ఆ కాపురాలు కూలిపోతాయి.

నేల మీద ఏం పరచాలి? లాన్ గడ్డి మాత్రం వద్దు, ఉన్న మంచినీళ్లన్నీ అదే తాగేస్తుంది. మేకగిట్టలాంటి ఆకులు, ఊదా పూలు ఉండే చెవులపిల్లి తీగ ఇసుకను పట్టి ఉంచుతుంది. ఒడ్డున గాలికి ముళ్లబంతుల్లా దొర్లుతూ పోయే రావణాసురుడి మీసాలు ఇంటి దగ్గర కాలికి గుచ్చుకుంటాయి. అవి దిబ్బ మీదే ఉండనివ్వండి, ఆ దిబ్బను చదును చేయకండి. సముద్రం లోపలికి రాకుండా కాసే గోడ అదే. ఇల్లు మరీ ఒడ్డుకే ఉంటే ఇంకో మాట. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. గుడ్డు నుంచి బయటపడ్డ పిల్ల వెలుతురున్న వైపు నడుస్తుంది. సముద్రం వైపు ఉన్న మీ వరండా లైటు దానికి సముద్రంలా కనబడితే అది బతకదు. తాబేళ్లు రావడం మొదలైనప్పటి నుంచి పిల్లలన్నీ సముద్రం చేరేదాకా ఆ లైటు ఆర్పేయండి.

తీరమంతా కనిపించే సరుగుడు ఈ నేల చెట్టు కాదు. రైతుకు డబ్బులిస్తుంది కాబట్టి దాన్ని తిట్టను. అయితే దాని కింద సూదుల్లాంటి ఆకు మందంగా పరుచుకుంటుంది, ఇంకో మొక్కను లేవనివ్వదు. పెరట్లో ఉన్న సరుగుడును ఒకేసారి కొట్టేయకుండా దాని నీడలో గంగరావి, కానుగ నాటి, అవి నిలదొక్కుకున్నాక తీసేయడం తెలివైన పని. తుపాన్ల సంగతి కూడా మరవకండి. 2016 డిసెంబరు 12న వర్దా చెన్నై దగ్గర తీరం దాటినప్పుడు ఆ నగరంలో వేల చెట్లు కూలాయి. కూలినవాటిలో అందానికి నాటిన విదేశీ చెట్లే ఎక్కువ. వేగంగా పెరిగి, పైపైన వేళ్లూనే చెట్టు ఏదైనా ఈ తీరంలో ఇంటి పక్కన ప్రమాదమే.

ఎప్పుడు నాటాలి? దేశమంతా జూన్, జులై అంటుంది. మనకు ఆ లెక్క సరిపోదు. తీరంలో అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. వినాయక చవితి వెళ్లాక గుంతలు తీసి, అక్టోబరు తొలి వానకు నాటితే వేసవి వచ్చేలోగా వేరు దిగుతుంది. గుంత అడుగున కొబ్బరి పీచు, పైన చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు. అంతకుమించి వద్దు. మనిషెత్తు మొక్క కొనకండి, మూరెడు మొక్కే తొందరగా అందుకుంటుంది. మొదటి రెండు వేసవులు పక్కన మట్టికుండ మూతిదాకా పాతి నింపుతూ ఉండండి. కుండ చెమర్చే నీళ్లు చాలు. ఉప్పు బోరు నీళ్లు మాత్రం మొదటి ఏడు పోయకండి.

చవితి మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మొక్కల పట్టిక కోసం పుస్తకాలు వెతకనక్కర్లేదు, పూజలోని ఇరవై ఒక్క పత్రి చూడండి. మారేడు, జిల్లేడు, రేగు, వావిలి, జమ్మి, ఉత్తరేణి, వాకుడు, గరిక, తెల్లమద్ది, గన్నేరు. వీటిలో చాలావాటికి నీళ్ల గొడవ లేదు, దాదాపు ప్రతిదానికీ తినేవాళ్లున్నారు. జిల్లేడు ఆకు మీద నలుపు, పసుపు, తెలుపు చారల గొంగళిపురుగు ఉంటుంది. దాని నుంచి నారింజ రెక్కల సీతాకోకచిలుక వస్తుంది. జిల్లేడు పాలలోని విషం ఒంట్లో నింపుకుంటుంది కాబట్టి పిట్టలు దాన్ని ముట్టవు. కరివేపాకు తినే పురుగుల్లో ఒకటి మారేడు మీద కూడా బతుకుతుంది. రేగు మీద చిన్న నీలిరెక్కలవి, గన్నేరు మీద గోధుమరంగు పెద్దది. గన్నేరు పొదలో అద్దంలా మెరిసే వెండిబిళ్లలు వేలాడుతుంటే అవి దాని ప్యూపాలు, తెంపి ఆడుకోవద్దని పిల్లలకు చెప్పండి. గరికను గింజ కట్టేదాకా వదిలితే జినువాయి పిట్టల గుంపులు దిగుతాయి. చవితి ముందు రోజు వీటి కోసం బజారులో ఎగబడి, పూజ కాగానే చెత్తబండిలో వేసే మనం వీటిలో నాలుగైదింటిని పెరట్లో ఎందుకు పెట్టుకోమో నాకు అర్థం కాదు. జిల్లేడు ఇంటి ముందు ఉండకూడదంటే ఇంటి వెనక పెట్టండి. దాని పాలు కంట్లో పడకుండా జాగ్రత్త. గన్నేరు, ఉమ్మెత్త విషం, పసిపిల్లలున్న ఇంట్లో వద్దు.

కొండ కింది తిరుపతి వాళ్లకు నేల రాతిది, నీళ్లు తియ్యనివి. తంగేడు, రేల, మోదుగ, మొగినేరేడు, కొంచెం చోటుంటే బొమ్మమేడి. తంగేడు, రేల రెండూ పూలకే కాదు, లేతపసుపు సీతాకోకచిలుకల గుడ్లకు కూడా పెట్టింది పేరు. మర్రి, రావి ప్రాణుల లెక్కలో రాజులే కానీ పది అంకణాల స్థలంలో పెడితే గోడ పగులుతుంది. వాటిని గుడికీ చెరువుగట్టుకూ వదలండి. ఎర్రచందనం ఈ కొండల బిడ్డే. నాటుకోండి, కానీ డబ్బు లెక్క వేసుకుని నాటేవాళ్లు దాన్ని కొట్టాలన్నా తరలించాలన్నా అటవీ శాఖ అనుమతి కావాలని ముందే తెలుసుకోవాలి. శేషాచలం అడవిలోంచి మొక్క పీక్కురావడం నేరం, అది ఎంత చిన్న మొక్కైనా.

ఇక్కడ ఒక పాత సంగతి గుర్తొస్తోంది. రిచర్డ్ బెడ్డోమ్ అని మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారి ఉండేవాడు. శేషాచలం బంగారు బల్లికి 1870లో శాస్త్రీయ వర్ణన రాసినవాడు ఆయనే. తిరుమల కొండల్లో తప్ప పెద్దగా ఎక్కడా దొరకని పేరీత చెట్టు శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే. ఆ బెడ్డోమే వంటచెరకు కోసం అమెరికా ఖండపు తుమ్మ విత్తనాలు తెప్పించమని 1876లో ప్రభుత్వానికి రాశాడు. అవి కడప జిల్లా కమలాపురంలో మొలిచాయి. ఇవాళ రాయలసీమంతా కంప, సర్కారు తుమ్మ అని పిలిచేది దాన్నే. ఈ కొండల ప్రాణుల్ని అంతగా ప్రేమించినవాడి చేతి మీదుగానే ఇది జరిగింది, చెడ్డ ఉద్దేశంతో కాదు. కంప మీద పిట్టలు వాలవా అంటే వాలతాయి, గూళ్లు కూడా కడతాయి. కానీ దాని పక్కన ఇంకేదీ పెరగదు. పెరట్లో మొలిస్తే మొదళ్లతో సహా తవ్వి తీయాలి, పైన కొడితే రెట్టింపై లేస్తుంది. ఈ మధ్య ప్రహరీ పొడవునా నాటుతున్న కోనోకార్పస్ కూడా పరాయిదే. గుజరాత్ 2023లో దాన్ని నాటడం నిషేధించింది. ఏడాదిలో గోడంత పచ్చదనం ఇస్తుందన్న ఆశతోనే కదా కొంటున్నాం, ఆ తొందరే మనల్ని ముంచేది.

ఇప్పుడు అందరూ అడిగే ప్రశ్న. పెరడు గుబురుగా పెరగగానే పక్కింటి పెద్దాయన గోడ మీదుగా తొంగిచూస్తాడు. "ఏం సామీ, ఇంటెనకంతా కంపలు పెంచినారు, పాములొస్తాయి కదా?" వస్తాయి పెద్దాయనా, అబద్ధం చెప్పకూడదు. అయితే పాము చెట్టు కోసం రాదు, ఎలుక కోసం వస్తుంది. ఎలుక చెత్తకుప్ప కోసం, మిగిలిన ఇటుకల గుట్ట కోసం వస్తుంది. ముందు అవి తీయించండి. గోడకు ఆనుకుని పొద పెంచకండి, ఇంటి చుట్టూ నడవడానికి తగినంత నేల ఖాళీగా, శుభ్రంగా ఉంచండి. రాత్రి టార్చి లేకుండా పెరట్లోకి వెళ్లకండి. వచ్చేవాటిలో ఎక్కువ జెర్రిపోతులే, వాటికి విషం లేదు. అయినా నాగుపాము, రక్తపింజరి మన ఊళ్లలో ఉన్నాయి. కాటు పడితే మంత్రం దగ్గరికి కాదు, నేరుగా పెద్దాసుపత్రికి. సాలీడు, పాము, ఏనుగు శివుణ్ణి కొలిచాయని చెప్పే శ్రీకాళహస్తి మన పక్కనే ఉంది. ఆ ఊరి పేరులోనే మూడూ ఉన్నాయి. గుడిలో మొక్కి ఇంటికొచ్చి సాలెగూడు దులపడం మన అలవాటు. ఇంట్లో దులపండి, పెరట్లో మాత్రం వదిలేయండి.

అన్ని ప్రాణుల్నీ పిలవకూడదు కూడా. అలిపిరి, విశ్వవిద్యాలయాల చుట్టుపక్కల ఉండేవాళ్లకు చిరుత కొత్త కాదు. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుత దాడికి ఆరేళ్ల పాప ప్రాణం పోయింది. చిరుత వచ్చేది మీ తంగేడు కోసం కాదు, కుక్కల కోసం. కుక్కలు వచ్చేది మనం పారేసే తిండి కోసం. కొండ అంచున ఇల్లున్నవాళ్లు తిండి బయట పడేయకూడదు. పొదలు నడుము ఎత్తు దాటకూడదు. పిల్లలు ఆడుకునే చోటికీ కొండకూ మధ్య చూపు ఆనాలి. పలమనేరు, కుప్పం వైపు కౌండిన్య అడవి పక్కవాళ్లకైతే ఇంకో లెక్క. పిట్టల కోసమని పనస, అరటి పెడితే వచ్చేది ఏనుగు. అక్కడ వావిలి, కానుగ, తంగేడుతో సరిపెట్టుకోండి.

చెట్లు ఎదిగేలోపు వెంటనే ఫలితం కావాలంటే నీళ్లు పెట్టండి. లోతు తక్కువ మట్టిమూకుడు, మధ్యలో ఒక రాయి, పిల్లి పొంచడానికి చాటు లేని చోటు. రెండు రోజులకోసారి పారబోసి రుద్ది కడిగితే దోమ పిల్ల ఎదగదు. పురుగుమందు, ఎలుకల మందు రెండూ మానేయాలి. మందు తిన్న ఎలుకను తిన్న పైడికంటె కూడా చస్తుంది. రాలిన ఆకు ఊడ్చి కాల్చకండి, చెట్టు మొదట్లోకి నెట్టండి. వచ్చిన చిలుకను పట్టి పంజరంలో పెట్టాలని ఎవరికైనా బుద్ధి పుడితే, 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం అది నేరమని చెప్పండి.

మొక్కలు ఎక్కడ దొరుకుతాయి? పెద్ద నర్సరీల్లో అడిగితే ముందు కడియం నుంచి వచ్చిన రంగురంగుల విదేశీ మొక్కలు చూపిస్తారు. పట్టు వదలకుండా స్థానిక పేరుతో అడగండి. అటవీ శాఖ నర్సరీల్లో కానుగ, నేరేడు, వేప, రేల మామూలుగా ఉంటాయి. అల్లి, పాల దొరకడం కష్టం, విత్తనమే దారి. నేరేడు గింజ రెండు వారాలు దాటితే మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. పండు తిన్న రోజే నాటేయండి. కానుగ గింజకు ఏ ఉపచారం అక్కర్లేదు. తంగేడు, రేల గింజల పెంకు గట్టిది, వేడినీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టాలి. వావిలికి కొమ్మ చాలు.

అన్నీ ఒకే ఏడు పెట్టకండి. మొదటి ఏడు గాలివైపు వరుస, రెండో ఏడు దాని చాటున పండ్ల చెట్లు. ఏ మొక్క మీద ఏది వచ్చిందో ఒక నోటుబుక్కులో రాసుకుంటే మూడో ఏడు దేన్ని పెంచాలో, దేన్ని తీయాలో మీకే తెలుస్తుంది. కొమ్మలు కొట్టాల్సి వస్తే తుపాన్ల ముందు, సెప్టెంబరులో కొట్టండి, అదీ గూడు ఉందేమో చూసుకున్నాకే. కరెంటు తీగల కింద నేరేడు పెట్టొద్దు. మీరు పదేళ్లు పెంచిన చెట్టు తల లైన్‌మ్యాన్ ఒక్క పూటలో తీసేస్తాడు, తప్పు ఆయనది కాదు. అక్కడికి తంగేడు చాలు.